సాంచెల చప్పుడులో అత్తమ్మ పాట

పెళ్లయి అత్తగారింటికి వచ్చిన కొత్తలో వీళ్లంతా పొద్దస్తమానం కొట్లాడుకుంటారనుకున్నాను. ఉప్పు అందుకోమన్నా అరుపే, అన్నం తిన్నావా అని అడిగినా అరుపే. మా అవ్వగారిది, అంటే మా అమ్మవాళ్లది, ఇచ్చోడ. పత్తి చేలో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషిని పిలవడానికి కూడా మేం ఇంత గొంతు పెట్టం. వారం తిరిగేసరికి సంగతి తెలిసింది. నేను వచ్చి పడింది కరీంనగర్ దిక్కు మరమగ్గాల ఊరికి. ఇక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. ప్రతి ఇంటి ముందూ ఒక రేకుల షెడ్డు, అందులో రెండో నాలుగో సాంచెలు, తెల్లారిన దగ్గర్నుంచీ టకటకమని ఒకటే మోత. ఆ మోతలో మాట వినబడాలంటే అరవక తప్పదు. అలా అలవాటైన గొంతులు మోత లేని చోట కూడా తగ్గవు. ఇప్పుడు నేను ఇచ్చోడ పోతే మా అవ్వే అంటుంది, "ఎందుకే గట్ల మీద పడుతున్నవ్" అని.

మా ఇంట్లో ఇద్దరు మాత్రం అరిచేవాళ్లు కాదు. ఒకరు మా మామ. మీసం రాకముందు నుంచీ సాంచెల మధ్యనే బతికి ఆయన చెవులు దాదాపు పోయాయి. ఎదుటి మనిషి నోటి వంక చూసి మాట పట్టుకునేవాడు. ఆయన వెనక నిలబడి నేను గొణిగిన గొణుగుడంతా గాలికి పోయేది. ఎదురుగా ఉండి పెదవి కదిపితే మాత్రం దొరికిపోయేదాన్ని. కోడలిగా ఆ కిటుకు నేర్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. రెండో మనిషి మా అత్తమ్మ. ఇంట్లో ఆమె ఉందో లేదో తెలిసేది కాదు. ఆమె గొంతు షెడ్డులోనే లేచేది.

షెడ్డు మూలన కూర్చుని అత్తమ్మ కండెలు చుట్టేది. కండె అంటే సాంచె మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. ఒకనాడు చాయ్ ఇద్దామని లోపలికి పోయాను. నాలుగు సాంచెలూ ఒక్కసారే ఆడుతున్నాయి. నా మాట నాకే వినబడడం లేదు. ఆ మోత మధ్యలోంచి పాట వస్తోంది. సాంచె కొట్టినప్పుడు ఆగుతోంది, సందు దొరికిన చోట మాట వేస్తోంది, మళ్లీ ఆగుతోంది. ఆమె సొంతంగా కట్టుకున్న పాట.

సాంచె ఆగితె నిద్ర తెల్లవారె
నిద్ర పడితె సాంచె కలల జేరె
పోగు తెగితె నేను ముడి వేతునమ్మ
పొద్దు తెగితె ముడి ఎవరేతురమ్మ

చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అంతలో కరెంటు పోయింది. సాంచెలు ఆగాయి. పాట కూడా ఆగింది, మాట సగంలోనే. అత్తమ్మ చాయ్ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని ఊరికే కూర్చుంది. కరెంటు వచ్చింది, సాంచెలు మళ్లీ అందుకున్నాయి, ఆమె ఆ సగం మాట దగ్గర్నుంచే ఎత్తుకుంది. తర్వాత అడిగాను, మధ్యలో ఎందుకు ఆపినవ్ అత్తమ్మా అని. "సప్పుడు లేకుంటే సిగ్గయితది బిడ్డా" అంది.

ఆ పాటలు నిలవాలని ఎవరికైనా పట్టుదల ఉందంటే అది మా మామకే. ఒక్క ముక్క వినబడని మనిషికి. బతుకమ్మ వచ్చిందంటే వాడకట్టు ఆడవాళ్లంతా అత్తమ్మను లాక్కుపోవడానికి వచ్చేవాళ్లు. చూస్తే చుట్టాల్సిన నూలు గుట్టగా ఉండేది. మామ తన సాంచెలు మా ఆయనకు అప్పజెప్పి, అత్తమ్మ పీట మీద తాను కూర్చుని కండెలు చుట్టేవాడు. మా ఊళ్లో కండెలు ఆడవాళ్ల పని. మగవాడు ఆ పీట మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూస్తారు.

"ఏం బావా, గాజులు గిట్ల తెప్పియ్యాల్నా?" అన్నాడు ఒకసారి ఎదురింటాయన.

మామ ఆయన నోరు చూసి, తల కూడా పూర్తిగా ఎత్తకుండా, "నీ పెండ్లాం గట్ల పాడితే నువ్వు సుట్టకపోదువా" అన్నాడు. ఎదురింటాయన భార్య పక్కనే ఉంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పని అయిపోయాక మామ బతుకమ్మ ఆడే చోటికి వచ్చి, గోడ వారగా నిలబడి, చప్పట్ల మోతలో పాడే అత్తమ్మ నోటి వైపే చూసేవాడు. ఆమె పాటలన్నీ ఆయనకు వచ్చు. కొత్త పాట కడితే షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు పెదవులతో ముందు ఆయనకే చెప్పేది. అర్థం కాకపోతే ఆయన వేలు ఆడించేవాడు, ఆమె మళ్లీ చెప్పేది. ఎన్నో ఏళ్ల కిందటి పాటలో చరణం ఏదైనా ఆమె మరిచిపోతే సాంచె దగ్గర్నుంచి ఆయనే పెదవులతో అందించేవాడు. ఇదెట్లా సాధ్యం మామా అని అడిగితే, "నేను సదువుకున్నదే మీ అత్త నోరు, ఇంకేం సదవలే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఆయన నా నోరు ఏనాడైనా అంత శ్రద్ధగా చూశాడా అని కొంచెం మంట కూడా వచ్చింది.

దుబాయ్ నుంచి వచ్చిన చుట్టం దగ్గర మామ ఒక టేపు రికార్డరు సంపాదించాడు. అది అత్తమ్మ పక్కన, కండెల గంప మీద ఉండేది. ఆమె పాట ఎత్తుకోగానే సాంచె వదిలి పరుగున వచ్చి రెండు మీటలూ ఒక్కసారి నొక్కేవాడు. పాట అయ్యిందని ఆమె నోరు చూసి తెలుసుకుని ఆపేవాడు. క్యాసెట్ నిండితే ఆనాడు సాంచె మీద ఏ రంగు నూలు ఉంటే ఆ పోగుతో దాన్ని చుట్టి అల్మారాలో పెట్టేవాడు. పసుపు పోగుది పెళ్లి పాటలని, ఆకుపచ్చది నాట్ల పాటలని ఆయనకే తెలుసు. బజారులో క్యాసెట్లు దొరకడం మానేసేదాకా ఈ పని మానలేదు. అల్మారాలో నా చీరలకు చోటు లేదని నేను నెత్తి నోరు కొట్టుకునేదాన్ని. ఆయన మాత్రం సరిగ్గా అప్పుడే నా నోరు చూడకుండా తల తిప్పుకునేవాడు.

తర్వాత అత్తమ్మ గొంతులో గడ్డ లేచింది. కరీంనగర్ తీసుకుపోతే, గడ్డ గొంతు నరాన్ని పట్టుకుని ఉంది, ముందు ప్రాణం చూసుకుందాం అన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. గాలి తప్ప మాట రాదు. కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించి వచ్చిన మామ అరుగు మీద కూలబడి అన్న మాట నాకింకా గుర్తుంది. "పానం దక్కాలని మొక్కిన బిడ్డా. గొంతుకు మొక్కుడు యాది మరిచిన."

ఇంట్లో అందరికీ ఆమె మాట కష్టమైపోయింది. చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చేది. మామకు మాత్రం ఏమీ మారలేదు. ఆయన ఎప్పటిలాగే ఆమె నోరు చూసేవాడు, జవాబు చెప్పేవాడు. వాళ్లిద్దరూ అలా కబుర్లు చెప్పుకుంటుంటే నేను పని ఆపి చూసేదాన్ని.

ఆ ఏడు బతుకమ్మకు వాడకట్టు ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి, ఏమనాలో తెలియక వెళ్లిపోయారు. అత్తమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. మామ ఆమె ముందుకు పోయి కూర్చున్నాడు. ఆమె పెదవులు కదిలాయి. నేను పక్కనే ఉన్నాను కనుక నాకూ అందింది. "నా పాటలు నాతోనే పోతయ్."

"యాడికి పోతయ్? అల్మారాల ఉన్నయ్. ఫికర్ చెయ్యకు" అన్నాడు మామ.

టేపు రికార్డరు కిందికి దించాడు. దుమ్ము తుడిచాడు. పసుపు పోగు విప్పి క్యాసెట్ పెట్టి మీట నొక్కాడు. మేమంతా చుట్టూ చేరాం. సాంచెలు మోగాయి. నాలుగు సాంచెలు నట్టింట్లో ఆడుతున్నట్టే ఉంది. వాటి అడుగున ఎక్కడో, దుప్పటి కప్పుకుని పిల్లలు మాట్లాడినట్టు, అత్తమ్మ గొంతు. ఇంకో క్యాసెట్ పెట్టాం. అదీ అంతే. ఇంకొకటి. అన్నీ అంతే. పుట్టినప్పటి నుంచీ ఆ మోతలో ఉన్న మా ఆయన కూడా, "సాంచెలే ఉన్నయ్ గదనే" అని నాకు మాత్రం వినబడేలా గొణిగాడు.

మామ మా ముఖాల్లోకి చూస్తున్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఎట్లున్నది?"

నోరు పెద్దదని ఊరంతా పేరు పడ్డ నేను తల వంచుకుని, విప్పిన పసుపు పోగును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. అత్తమ్మే ఆయన వైపు తిరిగి, "మంచిగున్నది" అని పెదవులు కదిపింది. ఆయన తృప్తిగా తలూపి షెడ్డులోకి పోయాడు. ఆయన పోయాక ఆమె ఏడ్చింది. గొంతు లేని ఏడుపు ఎట్లుంటుందో అప్పుడే చూశాను. చూడలేకపోయాను.

మర్నాటికి నాకు తిక్క రేగింది. ఏళ్ల తరబడి నా చీరలను నేల మీద పెట్టించి ఈయన దాచింది ఇదా? నేరుగా పోయి ఆయన ఎదురుగా నిలబడ్డాను. "అమాస నాడు సాంచెలు బంద్ ఉంటయ్ గద మామా. ఆనాడెందుకు పట్టలే?"

"అమాస నాడు మీ అత్త పాడదు. ఎన్నిసార్లు కూసోబెట్టిన. సప్పుడు లేకుంటే ఆమె గొంతు లేవలే." అని, నా ముఖంలోకి చూశాడు. "ఎందుకడుగుతున్నవ్?"

చెప్పేశాను. "పాట కన్నా సాంచెల సప్పుడే ఎక్కువ పడ్డది మామా."

ఆయన సాంచెల వైపు తిరిగి చూశాడు. "గంత సప్పుడుంటదా?" అన్నాడు. "ఆమె నోరు మంచిగ కనవడుతుండె. నాకు కనవడ్డదంతా గా మిషన్ల పడుతది అనుకున్న."

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. లోపలికి వచ్చి, క్యాసెట్లన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకుని, పోగులు ఊడకుండా పైన తువ్వాలు కప్పి కరీంనగర్ బస్సెక్కాను.

బస్టాండు వెనక సందులో పెళ్లి వీడియోలు, డీజే పాటలు చేసే ఒక స్టూడియో ఉంది. అక్కడ నడివయసాయన మొదటి క్యాసెట్ విని, "మేడం, ఇది పాటనా ఫ్యాక్టరీనా" అన్నాడు. నేను చూసిన చూపుకు మళ్లీ హాస్యమాడలేదు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, చప్పుడు తీసేయొచ్చు, జర టైం పడుతది అన్నాడు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. కొన్నాళ్లకు పోతే చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాడు. సాంచెలు లేవు. అత్తమ్మ గొంతు కడిగిన ముత్యంలా వస్తోంది. తిరుగు బస్సులో ఫోన్ చెవికి పెట్టుకుని ఇంటిదాకా ఏడుస్తూ వచ్చాను. పక్క సీటు ఆమె నాకేదో చావు కబురు వచ్చిందనుకుని మంచినీళ్లిచ్చింది.

ఇంట్లో ఫోన్ అత్తమ్మ ముందు పెట్టాను. ముందు ఆమె కళ్లు మెరిశాయి. రెండో చరణానికి నుదురు ముడిపడింది. ఆపమని చెయ్యెత్తింది. "గిది నేను గాదు."

"నువ్వు గాక ఇంకెవరత్తమ్మా?" అని ఒంటికాలి మీద లేచాను. ఇంత తిరిగి, ఇంత చేయిస్తే మెచ్చుకోలు ఇదా అని. ఆమె కోప్పడలేదు. మళ్లీ పెట్టమని, ఒక్కో చోట వేలెత్తి చూపింది. అప్పుడు వినబడింది. మాట మధ్యలో కారణం లేకుండా ఆగుతోంది. ఒక మాట సాగుతోంది, ఇంకోటి తొందరపడుతోంది. మధ్యలో మెట్లు తీసేసిన మెట్లదారి ఎక్కుతున్నట్టుంది. ఆ ఖాళీల్లో ఉండాల్సింది ఏదో లేదు.

మామ ఇదంతా చూస్తున్నాడు. ఫోన్ ఆయనకు ఏం వినబడుతుంది. "పాతదే పెట్టు, పెద్ద డబ్బాల" అన్నాడు. పండుగలకు తెచ్చుకునే స్పీకర్ డబ్బాలో పాత క్యాసెట్ పాటనే, సాంచెల మోతతో సహా పెట్టాను. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపటికి రెండో చెయ్యి తొడ మీద ఆడింది.

"గిక్కడ సాంచె అంటది. గిక్కడ మీ అత్త అంటది. మల్ల సాంచె. గిప్పుడు ఈమె."

ఆయన 'ఈమె' అన్న ప్రతిచోటా మోత అడుగున ఆ గొంతు లేచింది. ఎదురుగా కూర్చున్న అత్తమ్మ పెదవులు కూడా అక్కడే కదిలాయి. నాకు అప్పుడు బుర్ర వెలిగింది. అత్తమ్మ ఇన్నేళ్లూ సాంచెలకు ఎదురు పాడలేదు. వాటితో వంతుకు పాడింది. ఒక మాట తను, ఒక మాట సాంచె. నేను పోయి జంటలో ఒకరి నోరు మూయించి వచ్చాను.

"తీసేసుడు వద్దు బిడ్డా. జర తగ్గియ్యమను" అన్నాడు మామ. చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది.

స్టూడియో ఆయన మొదట తల గోక్కున్నాడు. అందరూ చప్పుడు తీసేయమనే వస్తారు, ఉంచమని వచ్చింది నేనొక్కదాన్నే అన్నాడు. కాని మనిషి పనిమంతుడు. గొంతును పైకి లేపి, సాంచెను కొంచెం కిందికి దించి, రెండింటినీ పక్కపక్కన నిలబెట్టాడు. పని చేస్తూ చేస్తూ ఆయన కాలు తనకు తెలియకుండానే ఆడడం నేను చూశాను. "డీజేలకు నేను కొట్టే దరువు కన్నా ఇదే మంచిగుంది మేడం" అన్నాడు. అత్తమ్మ ఇంట్లో ఆ పాట చివరిదాకా వింది. లేచి పోయి మామకు చాయ్ పెట్టి తెచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆమె పొయ్యి దగ్గరికి పోవడం అదే మొదలు.

మరుసటి ఏడు బతుకమ్మకు మా వాడకట్టులో సినిమా పాటలు పెట్టలేదు. అత్తమ్మ పాటలే పెట్టాం. సాంచె పడిన చోట చప్పట్లు పడ్డాయి. నేర్పే పని లేకుండానే పడ్డాయి, ఆ మోతలో పుట్టి పెరిగిన చేతులు కదా. గడప మీద కూర్చున్న అత్తమ్మ దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి కాళ్లకు మొక్కిపోయారు. అక్కడితో ఆగలేదు. ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి పోయిందో, పెద్దపల్లి దిక్కు నాట్లేసే ఆడవాళ్లు పాడుతున్నారని మా చుట్టం చెప్పింది. ఆ తర్వాత ఇచ్చోడ నుంచి మా అవ్వ ఫోన్ చేసింది. "నీ అత్త పాటనే, పత్తి ఏరెటోళ్లంత పాడుతుండ్రు." నేను నమ్మలేదు. మా అవ్వకు నన్ను సంతోషపెట్టడానికి నాలుగు కల్పించే అలవాటుంది. "అబద్ధమైతే నీ అత్తను తోలుకొనొచ్చి సూపియ్" అని ఎదురు తగులుకుంది.

తోలుకునే పోయాను. ఆ పై ఏడు బతుకమ్మకు ఇద్దరినీ బస్సెక్కించి ఇచ్చోడ తీసుకుపోయాను. మామ కొత్త ధోతి కట్టాడు. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇంత దూరం వాళ్లిద్దరూ కలిసి ఎప్పుడూ పోలేదు.

మా అవ్వ వాకిట్లో ఇంకా పొద్దు గూకకముందే బతుకమ్మలు దిగాయి. స్పీకర్ డబ్బాలో అత్తమ్మ పాట మొదలైంది. ఇచ్చోడలో సాంచె అంటే ఏమిటో ఒక్కరికి తెలియదు. అయినా ఆడవాళ్లంతా గుండ్రంగా తిరుగుతూ, సాంచె వంతు రాగానే టకటకమని రెండు చప్పట్లు వేస్తున్నారు. నా పక్కన నిలబడ్డ పక్కింటి మరాఠీ ముసలమ్మ చెవి దగ్గరికి వచ్చి అడిగింది. "లయ్ చాంగ్లా, శానా మంచిగున్నది గా డప్పు. ఎవరు కొట్టిండ్రు?"

"డప్పు కాదు కాకూ, మా మామ సాంచె" అన్నాను. ఛాతీ ఉప్పొంగి ఇంకాస్త గట్టిగానే అన్నాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. డబ్బా నోరు మూసుకుంది, మాట సగంలోనే.  ఇన్నేళ్లలో కరెంటు పోయాక ఆ పాట సాగడం నేను చూడలేదు. అత్తమ్మ కూడా చటుక్కున తలెత్తింది.

ఆడవాళ్లు ఆగలేదు. చప్పట్లు అలాగే పడ్డాయి, టకటకమని. ఆ సగం మాట దగ్గర్నుంచే అందుకుని పాడారు. పొద్దు తెగితె ముడి ఎవరేతురమ్మ అని, నలభై గొంతులో యాభై గొంతులో, మా వాకిలి నిండా.

మామకు డబ్బా ఆగిన సంగతి తెలియదు. ఆయన చూస్తున్నది నోళ్లను. ఒక నోటి నుంచి ఇంకో నోటికి, గుండ్రంగా తిరుగుతున్న అందరి నోళ్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు. ప్రతి నోట్లోనూ ఆయన ఒక్క నోట్లో చదువుకున్న మాటలే ఉన్నాయి. కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా తోచలేదు ఆయనకు.

అత్తమ్మ భుజం తట్టి తన వైపు తిప్పుకున్నాడు.

"యాడికి పోయినయే నీ పాటలు?" అన్నాడు.

 ఆమె అందరితో కలిసి పెదవులు కదపడం మొదలుపెట్టింది. మామ ఇక ఎవరి నోరూ చూడలేదు. ఆమె వైపే తిరిగి కూర్చుని, సాంచె వంతు వచ్చినప్పుడల్లా రెండు చప్పట్లు వేశాడు.